సీమతంగేడు మీది పచ్చ సీతాకోక

తొంభైల్లో రాజోలు దగ్గర మా వరిచేను రొయ్యల చెరువైంది. ఆ ఏడాది రొయ్యల పట్టుబడికి వారం ఉందనగా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. రొయ్యంత సుకుమారం ఇంకోటి లేదు. పురుగుమందు చుక్క తగిలితే చెరువు చెరువే తేలిపోతుంది. సరిగ్గా అప్పుడే గట్టు అవతల మినపచేను ఆయన స్ప్రేయర్ వీపున తగిలించుకుని వచ్చారు. చుట్టం కాకపోయినా నాకు బాబాయిగారే. గాలి మా వైపే వీస్తోంది.

గట్టు మీద సీమతంగేడు చెట్టు నిండా చిన్న సీతాకోకలు. కొన్ని లేతాకుపచ్చ, కొన్ని పసుపు. కొన్నిటికి రెక్క మీద చుక్క, కొన్నిటికి అదీ లేదు.

"రెండు రకాల పురుగమ్మా. షాపాయన రెండు మందులు కలిపి కొట్టమని చెప్పేరు. మినుము దక్కాలి కదా!" అన్నారాయన ఆ సీతాకోకల్ని చూపిస్తూ.

పురుగు ఆయనకి, ప్రాణసంకటం మాకు.

నేనప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతూ ఆ చెట్టు గొంగళిపురుగుల్ని గాజుసీసాలో పెంచుతున్నాను. ఇంట్లో అందరికీ అది నవ్వులాట. పరుగెత్తి సీసా తెచ్చాను. ఒకే కొమ్మ మీది గూళ్లలోంచి ఆ ఉదయమే రెండు బయటికొచ్చాయి: ఒకటి లేతాకుపచ్చ, ఒకటి నిమ్మపండు పసుపు.

"రెండూ ఒకటేనండీ. ఒక్క తల్లి పిల్లల్లో ఒకరు నలుపు, ఒకరు తెలుపు ఉండరా? పురుక్కి మీ మినపాకు వేసి చూశానండీ, మూతి పెట్టలేదు. దానికి తంగేడాకే తిండి."

ఆయన సీసాని ఎండకెత్తి అటూ ఇటూ తిప్పారు. పక్కనే ఉన్న నాన్న కూడా సీసాలోకి తొంగిచూశారు.

"ఆయ్. ఐతే కొట్టనులెండి అన్నయ్యగారూ," అన్నారు చివరికి. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మందు కొట్టే పని లేకపోతే స్ప్రేయర్‌ని గట్టు పక్క బోదె కాలవలో కడిగేయడం మా వైపు అందరికీ అలవాటే. బాబాయిగారు నిశ్చింతగా బోదెలోకి దిగి, మందున్న డబ్బా వంచి మూత తిప్పుతున్నారు. మా ఇంజను చెరువులోకి తోడుతున్నది ఆ నీళ్లే.

"వద్దు!" అని అరిచాను. పెద్దవాళ్ల మీద అండీ లేకుండా గొంతెత్తడం అదే మొదలు. నాన్న ఎగిరి దూకి ఇంజను ఆపేశారు. బాబాయిగారు మూత మళ్లీ బిగించారు. తర్వాత ఒక్క చుక్క ఒలకకుండా డబ్బాని గట్టెక్కించారు.

"ఎంత పని చేసేద్దునండీ!" అని కూలబడ్డారు.

తిట్టడానికి నోరు తెరిచిన నాన్న, ఆయన మోకాళ్లదాకా తడిసి ఉండడం చూసి, భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చారు.