నోన దాచిన మడి

నోన మా సరస్సు మీదే పుట్టింది, సరస్సు మీదే కాపురానికి వచ్చింది. రెల్లు అల్లి, పైన బురద పరిచిన తేలే మడి మీద గుమ్మడికాయలు పండించేది. మడిని నాలుగు గుంజలకు కట్టి ఉంచుతారు. కట్లు విప్పితే పడవ వెనక ఎటైనా వస్తుంది.

ఆ శరత్తులో రాజుగారికి సొంత పినతండ్రితోనే యుద్ధం వచ్చింది. కనుమ అవతలి కోటకు ధాన్యం మోయడానికి మడికొక మగవాణ్ణి పంపాలన్నారు. మొదటి విడత వెళ్లిన పదకొండు మందిలో నలుగురే తిరిగి వచ్చారు. కనుమ మీద అప్పుడే మంచు పడుతోంది. నోన భర్త జయ్యకుడు పది రోజులుగా దగ్గుతున్నాడు. కూతురికి ఐదు నెలలు.

"మడి కనబడకపోతే మనిషినీ అడగరత్తా," అంది నోన.

"ఏం, కొంగులో దాస్తావా?" అంది అత్త లోఠిక.

"రెల్లులో."

తెల్లవారుజామున, పొగమంచు విడవకముందే మడిని లాక్కెళ్లి రెల్లుపొదల్లోకి తోసింది. జయ్యకుడు గుమ్మడి తీగల కింద పడుకున్నాడు. ఒక దగ్గుకూ మరో దగ్గుకూ మధ్య ఎన్ని ఊపిరులో నోన లెక్కపెడుతోంది. పాప ఏడవకుండా రొమ్ము అందించింది.

రాజభటుల పడవ వచ్చింది. వాళ్లు మళ్లను మాత్రమే చూస్తారనుకుంది నోన. కానీ వాళ్ల చేతిలో పేర్లు రాసిన భూర్జపత్రం ఉంది.

"పదమూడు మళ్లు ఉండాలి. ఒకటేదీ?" అన్నాడొక భటుడు.

"గాలికి కొట్టుకుపోయింది బాబూ." ఆ గొంతు పక్క మడి వజ్జటుడిది. డెబ్బై ఏళ్లవాడు. నోన వాళ్లు మడిని లాక్కెళ్తుంటే ఆయన చూశాడు.

"మడి పోతే పోయింది, మనిషి కావాలిగా. నువ్వే ఎక్కు."

"నన్నా? బస్తా నేను మోస్తాను సరే, నన్నెవరు మోస్తారు నాయనా?"

పడవలో ఎవరో నవ్వారు.

జయ్యకుడు లేవబోయాడు. నోన అతని ఛాతీ మీద మోకాలు ఆనించి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నోనా, వదులు. పెద్దాయన..."

"కదలకు."

వజ్జటుణ్ణి ఎక్కించుకున్న పడవ తెడ్ల చప్పుడు దూరమయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

జయ్యకుడు బతికాడు. కనుమ తెరుచుకున్న ప్రతి వేసవిలోనూ నోన రేవుకు వెళ్లి, దిగేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసేది. జయ్యకుడు మాత్రం ఎన్నడూ తోడు వెళ్లలేదు, ఎవరొచ్చారని అడగనూ లేదు.