దించిన దూలం

రెండు వేల ఇరవై రెండు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సుల్లో తిరుగుతూ మిద్దెలు వేయడం అప్పటికే నాకు పాత అలవాటు. చదువు ఏడో తరగతి. అది కూడా నా తప్పు కాదు. మా బడి కప్పు కారుతుంటే అయ్యవారు "వాన నిలిచినాక రండిరా" అని అందరినీ ఇంటికి పంపించాడు. మిగతా పిల్లలు మర్నాడే వెళ్ళారు. నేను కాస్త నిదానం మనిషిని. వాన పూర్తిగా నిలిచిందని నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

అట్లా కారే కప్పు పుణ్యాన చదువు పోగొట్టుకున్నవాణ్ణి, కారని కప్పులు వేసి పొట్ట పోసుకుంటున్నాను. ఎన్నో వేశాను. కొన్ని బాగా వచ్చాయి, కొన్నింటి కింద నేను నిలబడను. కానీ ఎవరైనా "మేస్త్రీ, నీకు మరిచిపోలేని పని ఏది?" అని అడిగితే, ఒక్క చుక్క కూడా కారని ఒక మిద్దె గుర్తొస్తుంది. 

అది ఈ మూడు ఊళ్ళలో ఏ ఊరో చెప్పను. రేపు మళ్ళీ అదే మున్సిపాలిటీ ఆఫీసు మెట్లెక్కాల్సినవాణ్ణి.

నాగరాజప్ప పట్టుచీరలు నేసేవాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. పెళ్ళాం రత్నమ్మ ఆ లోటంతా తీర్చేది. వాళ్ళ ఇల్లు ఇరుకు సందులో, రెండు పక్కలా పక్కిళ్ళ గోడల మధ్య ఇరుక్కున్న మట్టి మిద్దె. అంటే దూలాలు, వాటి మీద అడ్డంగా దంతె కర్రలు, ఆపైన బోదగడ్డి పరిచి, మట్టి తొక్కి, నీళ్ళు దిగకుండా చౌడుమట్టి పోసిన పాతకాలపు కప్పు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి. ఇప్పుడు చౌడు తోలే బండ్లూ లేవు, తొక్కే మనుషులూ లేరు. కప్పు కారడం మొదలుపెట్టింది. కారేది సరిగ్గా మగ్గం మీదికి.

వాళ్ళది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, నేతగాడు కాళ్ళు అందులోకి దించుకొని కూర్చొని నేస్తాడు. ఆ గుంత నాగరాజప్ప తాత తవ్వింది. పడుగు, అంటే నిలువు దారాలు, గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాచి కట్టి ఉంటుంది. దాని మీద మట్టినీళ్ళు ఒక్క చుక్క పడితే చీర పోయినట్టే.

మొదటిసారి నన్ను చూసి రత్నమ్మ నా బట్టతల వైపు ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, నీ నెత్తికే కప్పు లేదు. మా ఇంటికేం ఏస్తావు?"

"అందుకేనమ్మా, ఎండావానా ఎట్లుంటాయో నాకు తెలిసినట్టు ఇంగెవరికీ తెలీదు," అన్నాను.

నాగరాజప్ప నవ్వాడు. నవ్వి ఒకే మాట అన్నాడు. "కప్పు యట్లన్నా ఉండనీ మేస్త్రీ. మగ్గం తడవకుండా ఉంటే సాలు."

అది గుర్తుపెట్టుకోండి. ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

ఊళ్ళో పాత కప్పు తీసి స్లాబు వేయాలంటే మున్సిపాలిటీ పర్మిషన్ కావాలి. లైసెన్సు ఉన్న ఇంజనీరు ప్లాన్ గీసి, ఇంటి ఫోటోతో కలిపి కంప్యూటర్లో ఎక్కిస్తాడు. తరువాత వార్డు సచివాలయం నుంచి ఒకరు వచ్చి ఇల్లు చూసి మళ్ళీ ఫోటో తీస్తారు. దాన్ని సైట్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పాత ఇంటికి కప్పు మార్చడమైతే అది రిపేరు, గోడలు ఎక్కడివక్కడే ఉండవచ్చు. కొత్త కట్టుబడి అయితే మాత్రం సెట్‌బ్యాక్ వదలాలి. అంటే ఇంటి ముందర ఇంత జాగా ఖాళీగా విడిచి, గోడ వెనక్కి జరుపుకోవాలి. మేము రిపేరు కిందనే పెట్టాం.

అప్లికేషన్ ఎక్కించిన వారం నేను కుప్పంలో ఒక స్లాబు పనిలో ఉన్నాను. నాగరాజప్ప ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, అప్లికేషన్ ఎక్కిచ్చినారంట గదా?"

"ఎక్కింది నాయనా. ఇంగ దిగి రావల్ల."

"ఎల్లుండి మంచి దినం. అది దాటితే ఆషాఢం పడతాది."

"పడనీప్పా. పేపరు చేతికొచ్చిందాకా పుల్ల కూడా కదిలించొద్దండి."

"సరే," అన్నాడు.

మా పక్క "సరే" అంటే విన్నానని అర్థం. చేస్తానని కాదు.

నేను తిరిగొచ్చి వాళ్ళింట్లో అడుగుపెట్టి తల ఎత్తితే మేఘం కనిపించింది. చుట్టాలందరూ వచ్చి ఒక్క పగటిలో మట్టి దించి, దంతెలు ఊడదీసి, నడిదూలం వీధిలోకి మోసేశారు. దూలానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఉంది. మగ్గం మీద నీలం టార్పాలిన్ పట్ట కప్పారు.

"అమ్మా, నేనేం చెప్పినా?" అన్నాను.

"అర్జీ పెట్టినాం గదప్పా. దేవుడికి మొక్కుకున్నాక కోరిక తీరిందాకా చేతులు ముడుసుకోని కూసుంటామా? మన పని మనం మొదలుపెడతాం," అంది రత్నమ్మ.

 ఇరవై ముహూర్తాలు చూపించి పని మొదలుపెట్టే మనుషులం. ఆఫీసు వాళ్ళకు పంచాంగం ఉండదని మనకు తోచదు.

ఆ వారంలోనే సచివాలయం అమ్మాయి ఇల్లు చూడ్డానికి వచ్చింది. మంచి పిల్ల. గడపలో నిలబడి పైకి చూసింది, ఫోన్ వైపు చూసింది.

"కప్పు యాడుండాదమ్మా?"

"కప్పు ఏసుకునేకి గదా పర్మిషన్ అడిగింది. కప్పు ఉంటే మిమ్మల్ని యాల అడుగుతాం?" అంది రత్నమ్మ.

ఆ అమ్మాయి నవ్వుకుంటూనే ఫోటో తీసింది. ఆ ఫోన్ ఫోటోలో స్థలం, తేదీ అన్నీ వాటంతటవే పడతాయి. ఒకసారి ఎక్కిందంటే ఆమె కూడా తీసేయలేదు. నాలుగు గోడలు, మధ్యలో నీలం పట్ట, పైన ఆకాశం.

ఆఫీసులో ప్లానింగ్ సారు ఆ ఫోటో నాకు చూపించాడు. కుర్రవాడు, కోపం లేని మనిషి.

"ఏమయ్యా మేస్త్రీ, కప్పు ఉంటే ఇల్లు, రిపేరు రాస్తాను. కప్పు లేకుంటే ఇది ఖాళీ స్థలం. ఖాళీ స్థలానికి రిపేరు ఎట్లా రాసేది?"

"సార్, మేమంతా గొడుగులు పట్టుకోని నిలబడతాం. మళ్ళీ ఒక ఫోటో తీయండి," అన్నాను.

ఆయన నవ్వాడు, గుమాస్తా నవ్వాడు, పక్కన అర్జీ పట్టుకొని నిలబడ్డ ముసలాయన కూడా నవ్వాడు. నవ్వినంత మాత్రాన ఫైలు కదలదని నాకు తెలుసు. అయినా వదలలేదు, వెళ్తూ వస్తూ ఉన్నాను. చివరికి ఒకరోజు ఆయనే గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు.

"పాత దూలాలు ఉన్నాయి గదా? మీరు మొదట పెట్టిన ఫోటోలో ఉన్నట్టే వాటిని ఎక్కించి, పైన ఏదైనా పరచండి. నేనే వచ్చి చూస్తాను. కప్పు సగం విప్పి ఉండాదని రాసి, రిపేరు కింద పంపిస్తా. కొత్త కర్రలు, కొత్త రేకులు పెడితే మాత్రం నా చేతుల్లో ఉండదు. పాత దూలమే కనపడాల."

నేను ఆటో దొరికిందాకా కూడా ఆగలేదు. ఆ ఎండలో సందు దాకా నడిచేశాను. నాగరాజప్పకు చెబితే ఆయన కండువా నడుముకు కట్టుకొని దూలం ఒక చివర భుజం పెట్టాడు. నేను రెండో చివర పట్టుకున్నాను.

రత్నమ్మ లోపలి నుంచి వచ్చింది.  వచ్చి దూలం మధ్యలో కూర్చుంది.

"ఎత్తండి. నాతో కూడా ఎత్తండి."

"అమ్మా, ఒక్క దినం. ఫోటో తీసినాక మళ్ళీ దించేద్దాం."

"దించిన దూలం ఎక్కితే ఇంటి మొగోడు దిగుతాడు. నీకు తెలీదా మేస్త్రీ? మిద్దెలేసేవాడివి, నువ్వే సెప్పు. యాడన్నా ఎక్కిచ్చినావా?"

తెలుసు. నేనెప్పుడూ ఎక్కించలేదు. మా పక్క ఏ మేస్త్రీ ఎక్కించడు. దించిన దూలాన్ని కోసి వాకిలి చేసుకుంటారు, పొయ్యిలో పెట్టుకుంటారు, ఊరికే ఎవరికైనా ఇచ్చేస్తారు. మళ్ళీ అదే ఇంటి మీదికి మాత్రం కాదు. శ్మశానంలో పాడె దించినాక మళ్ళీ ఎత్తరు గదా, అదీ ఇంతే.

"పసుపు రాసి సాగనంపినానప్పా దాన్ని," అంది. "ఆ సారుకు మగ్గం లేదు, మొగుడు లేడు. ఆయనకేం? ఒక ఫోటో. నాకుండేది ఈ మనిషి ఒక్కడే."

నాగరాజప్ప భుజం తీసేశాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు, అప్పుడు కాదు, ఆ తరువాతా కాదు. కండువాతో దూలం మీద దుమ్ము తుడిచి ఆమె పక్కనే కూర్చున్నాడు. నేనూ రెండో చివర వదిలేశాను.

కొన్నాళ్ళకు ఆ సారుకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయనకు ఆ దారి తెలియదు, తెలిసినా చెప్పడు. ఫైలు 'కొత్త కట్టుబడి' అయిపోయింది. ఇంజనీరు ప్లాన్ మళ్ళీ గీయడం, వాళ్ళు తిప్పి పంపడం, మళ్ళీ గీయడం. ఈలోగా కార్తీకం వచ్చింది, తుఫాను వచ్చింది. పట్ట చిరిగిన తెల్లారి నేను వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాం చెంబులతో మగ్గం గుంతలోని నీళ్ళు తోడి వీధిలో పోస్తున్నారు. నేనూ ఒక చెంబు తీసుకున్నాను. సగం నేసిన చీర అంచు ఎర్రమట్టి రంగుకు తిరిగింది. వక్కరంగు చీర అనుకోవచ్చులే అనే జోకు మాత్రం నేను ఎవరితోనూ అనలేదు.

"మగ్గం కొయ్య తడిసినా ఆరుతాదిలే మేస్త్రీ," అన్నాడు నాగరాజప్ప. "గది రానీ."

గది వచ్చింది. వేసవిలో పర్మిషన్ దిగింది. ప్లాన్ చేతికి రాగానే నేను పరిగెత్తుకొని తీసుకొచ్చాను. అక్షరాలు నాకు తడబడినా గీతలు తడబడవు. వీధి వైపు గోడ వెనక్కి జరిగింది. వెనక వంటిల్లు, దానికవతల పక్కింటి గోడ. మధ్యలో మిగిలిన గదిని నేను టేపుతో కొలిచాను. నాగరాజప్ప టేపు నమ్మలేదు. పడుగు దారం ఒకటి తెచ్చి, మగ్గం నిడివి పట్టుకొని, ముగ్గుపొడితో నేను గీసిన కొత్త గోడ గీత దగ్గర నిలబడ్డాడు. దారం గీత దాటి వీధి వైపు వేలాడింది. అడ్డంగా తిప్పి చూశాడు. అడ్డం ఇంకా ఇరుకు. మూలగా పట్టి చూశాడు. మూలగా మగ్గం నేయరు. అది ఆయనకూ తెలుసు, అయినా పట్టి చూశాడు.

"ఈ పర్మిషన్ వద్దంటే?" అన్నాడు.

"మళ్ళీ మొదటి నుంచి. ఆకాశం కింద."

దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. "ఏసేయ్," అన్నాడు.

గుంత పూడ్చకుండా గచ్చు వేయలేను. మట్టి తోలిస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. పాత మిద్దె నుంచి దించిన మట్టి సందు మూలన ఇంకా కుప్పగా ఉంది, అదే తట్టలతో తెచ్చి తాత తవ్విన గుంతను తానే పూడ్చాడు. నన్ను తట్ట ముట్టనీయలేదు. పూడ్చినాక కాళ్ళతో తొక్కాడు, చౌడు తొక్కినట్టే.

ఆ స్లాబు నేను వేసినవాటిలోకెల్లా మంచిది. కంకర నేనే చూసి తెప్పించాను, సెంటరింగ్ పలకలు సందు లేకుండా నేనే కొట్టాను, క్యూరింగ్‌కు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా నీళ్ళు నిలబెట్టడానికి, పొద్దునా సాయంత్రం నేనే వెళ్ళాను. నాకు చేతనైంది అదొక్కటే మిగిలింది.

ఇప్పుడు ఎవరైనా కప్పు మార్చాలని పిలిస్తే నేను పైకి చూడను. ముందు ఇంట్లో ఏముందో, అది పట్టడానికి ఎంత జాగా కావాలో కొలుస్తాను. పంచాంగం ఎక్కడ పెట్టారో అడిగి, దాన్ని నా సంచిలో వేసుకుంటాను, పేపరు వచ్చినాక ఇస్తానని. నవ్వుతారు. నవ్వనీ.

పోయిన వానాకాలం ఆ సందులో వేరే పని ఉండి వెళ్ళాను. నాగరాజప్ప ఇంట్లో లేడు, టమోటా మండీలో బాక్సులు ఎత్తడానికి పోతున్నాడట. మగ్గం కొయ్యలు విప్పి, ఇంటి ముందర చట్టప్రకారం మేము వదిలిన ఖాళీ జాగాలో గోడకు ఆనించి ఉన్నాయి. పైన అదే నీలం పట్ట, చిరుగులతో. జోరుగా వాన. రత్నమ్మ గడపలో నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలి గదా అని నేను స్లాబు వైపు చెయ్యి చూపించాను.

"సూడమ్మా, ఇంత వానకూ ఒక్క చుక్క కారలేదు మన మిద్దె!"

"కారితే మాత్రం ఏమప్పా ఇప్పుడు?" అంది రత్నమ్మ. "తడిసేది బయటుండాది."