గీత మీది మంచం

ఒమన్‌లో, మస్కట్ దగ్గరి రూవీలో ఓ ఇండియన్ స్కూల్లో జెరెమియా అటెండరు. బెల్లు కొట్టడం, క్లాసుల్లో పటాలు తగిలించడం ఆయన డ్యూటీ. సోషల్ చెప్పే సూర్యకుమారి మేడమ్ క్లాసయితే మాత్రం, పటం తగిలించాక కూడా వరండాలోనే తచ్చాడేవాడు. పాఠం విన్నందుకు జీతం కోసేవాళ్ళెవరూ లేరు కదా!

ఆ గురువారం అమెరికా ఖండాల పాఠం. కొలంబస్ బయలుదేరిన రెండేళ్ళకే స్పెయిన్, పోర్చుగల్ కీచులాడుకుని, సముద్రం మీద నిలువుగా ఓ గీత అనుకున్నాయట. గీతకు పడమటిదంతా స్పెయిన్‌ది, తూర్పుది పోర్చుగల్‌ది. అందుకే బ్రెజిల్‌లో ఇవాళ్టికీ పోర్చుగీసు మాట్లాడతారట.

"మరి అక్కడున్నవాళ్ళు ఎటు మేడమ్?" అని ఓ పిల్ల అడిగింది.

"వాళ్ళనెవరు అడిగారమ్మా?" అంది మేడమ్.

రాజులకు పనీపాటా లేదనుకుని నవ్వుకున్నాడు జెరెమియా.

ఆయన ఉండేది ముగ్గురు మనుషుల రూమ్‌లో. తలుపు పక్క మంచం ఎలక్ట్రీషియన్ ప్రేమ్ సాగర్‌ది, పాలకొల్లు కుర్రాడు. ఎదుటి గోడవారగా పాకిస్తానీ డ్రైవర్ కమ్రాన్‌ది. నడుమ, కిటికీ కింద జెరెమియాది. భార్య దీవెనమ్మ పోయి రెండేళ్ళు. పిల్లల్లేరు, ఊరి నుంచి ఫోనూ రాదు. సాయంత్రాలు నేలమీద ఒకే పేపరు పరిచి, కమ్రాన్ రొట్టెలు, ప్రేమ్ సాగర్ కూర ముగ్గురూ తినే ఆ అరగంటే ఆయనకు మిగిలిన సంసారం.

ఒమన్‌లో వారం సెలవు శుక్ర, శనివారాలు, అందుకే ఆదివారపు ఆరాధన శుక్రవారమే. చర్చి నుంచి వచ్చేసరికి రూమ్‌లో తలుపు నుంచి కిటికీ దాకా ఎర్ర టేపు. ఏసీ పద్దెనిమిదిలో ఉండాలా, ఇరవయ్యారులోనా అన్న గొడవ ముదిరి, ఇద్దరూ గది పంచేసుకున్నారు. టేపు సరిగ్గా జెరెమియా మంచం కిందుగా పోయింది.

"మరి నేనెటురా?" అన్నాడు.

"ఆయన రొట్టెలే కదా తింటావు బాబాయ్, అటేననుకున్నాను" అన్నాడు ప్రేమ్ సాగర్.

"మీ ఇద్దరిదీ ఒకే భాష కదా చాచా, అటేననుకున్నా" అన్నాడు కమ్రాన్ హిందీలో.

ఇద్దరిలో ఎవరికీ కుళ్ళు లేదు, అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం రెండు పేపర్లు పరుచుకున్నాయి. ఇద్దరూ పిలిచారు. ఎటు వెళ్ళినా రెండోవాడు నొచ్చుకుంటాడు. ఆకలి లేదని ఇద్దరికీ అబద్ధం చెప్పాడు.

శనివారమంతా బతిమాలాడు. "నేను ఎవరి వైపూ కాదు. ఆ టేపు పీకెయ్యండి, మునపటిలా తిందాం" అన్నాడు. ఇద్దరూ తలూపారు.

ఆ తలూపుడు మీద ఆశ పెట్టుకుని ఆదివారం డ్యూటీకి వెళ్ళాడు. అదే పటం మళ్ళీ తగిలించాడు గానీ, వరండాలో నిలబడలేదు. దారిలో మూడు అరటిపళ్ళు కొని, ముగ్గురికీ తలొకటీ అనుకుంటూ రూమ్‌కొచ్చాడు.

మంచం కింద టేపు లేదు. మంచం చుట్టూ ఉంది. నాలుగు వైపులా, మూలలు సమంగా కత్తిరించి అంటించారు.

"ఇక నీకే ఇబ్బందీ లేదు బాబాయ్" అన్నాడు ప్రేమ్ సాగర్ సంబరంగా. "ఇద్దరం కలిసే కొలిచాం. ఇదంతా నీది."

అవునన్నట్టు కమ్రాన్ నవ్వాడు.

ఆ సాయంత్రం రూమ్‌లో మూడు పేపర్లు పరిచారు. మూడోది పరుచుకుని, మూడు అరటిపళ్ళూ జెరెమియా ఒక్కడే తిన్నాడు.