ఎడమ పక్క ఆడే మా బావ

మొన్న మా అల్లుడు టీవీలో ఏదో విదేశీ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ, "మామా, ఆ ఎడమ పక్క పరిగెత్తేవాడు ఈ టీమువాడు కాదు, ఈ ఏడాదికి అరువు తెచ్చుకున్నారు" అన్నాడు, నాకు తెలియని వింతేదో చెబుతున్నట్టు. నాకు నవ్వొచ్చింది. మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద, ఆటగాడిగా బతికిన పదేళ్లలో సగం అరువు మీదే తిరిగాడు. ఆయన్ను అలా తిప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

డెబ్బయ్యో దశకం చివర్లో కదిరిలో ఒక శెనక్కాయల నూనె మిల్లు ఆసామికి ఫుట్‌బాల్ పిచ్చి. మమ్మల్ని మిల్లులో ఉద్యోగులమని రాసుకుని, జీతమిచ్చి, బూట్లు కొనిచ్చి ఆడించేవాడు. ఓడిపోతే మూడు రోజులు మాట్లాడేవాడు కాదు. నేను సెంటర్ ఫార్వర్డ్‌ని, పైగా కెప్టెన్ని. బావ లెఫ్ట్ వింగర్. సున్నపు గీత వెంబడి దుమ్ము లేపుకుంటూ పోయి, మూల దగ్గర ఒక్క క్షణం ఆగి, బంతిని సరిగ్గా నా నుదుటి మీదికి పంపేవాడు. నేను తల వంచితే చాలు, గోలు. జనం నన్ను భుజాలకెత్తుకునేవాళ్లు. ఆయన ఒక పక్కన కూర్చుని బూట్లలోని ఇసుక దులుపుకునేవాడు. ఆ ఊరేగింపులు నా తలకెక్కాయి.

వానలు మొహం చాటేసిన ఏడాది శెనక్కాయలు ఉండవు, మిల్లు ఆడదు, అంతమందికి తిండి పెట్టడం ఆసామికి బరువు. అప్పుడు చుట్టుపక్కల టోర్నమెంట్లకు మమ్మల్ని అరువిచ్చేవాడు. కొత్తచెరువు వాళ్లొచ్చినా, చిలమత్తూరు వాళ్లొచ్చినా, సరిహద్దు అవతలి కన్నడం వాళ్లొచ్చినా బావే కావాలనేవాళ్లు. తీసుకుపోయినవాళ్లు కడుపు నిండా తిండి పెట్టాలి, బస్సు ఛార్జీలూ చేతిలో కొంత డబ్బూ ఇవ్వాలి, కాలూ చెయ్యీ విరక్కుండా తెచ్చి ఒప్పజెప్పాలి. తొలకరికి పక్కవాళ్ల ఎద్దుల్ని తెచ్చుకునేవాళ్లకు కూడా మా వైపు ఇదే కట్టుబాటు. ఆయన ట్రంకు పెట్టెలో ఏడు రంగుల బనియన్లుండేవి. మా అత్త వాటిని ఊళ్ల పేర్లతోనే పిలిచేది. "కొత్తచెరువు ఆరింది గానీ చిలమత్తూరు ఇంగా పచ్చిగానే ఉండాది" అని దండెం దగ్గర్నుంచి కేకేస్తే వీధంతా నవ్వేది.

వరసగా మూడో ఏడు పంట పోయింది. బావ వాళ్ల రెండెకరాలు బీడు పడ్డాయి, బావిలో అడుగు కనబడుతోంది. మిల్లు మూసేస్తారని అందరూ గుసగుసలాడుతున్నారు. ఆ రోజుల్లో ఆసామి నన్ను పిలిచి, "ఆదివారం మన ఆట చూసేకి బెంగళూరు ఫ్యాక్టరీ టీమాయన వస్తాండాడు. ఒకర్ని తీసుకుంటారంట. పర్మనెంటు ఉద్యోగమప్పా. అందరికీ చెప్పు" అన్నాడు. ఆ సాయంత్రమే చిలమత్తూరు నుంచి మనిషొచ్చాడు, శని, ఆది, సోమ మూడు రోజుల టోర్నమెంటుకు బావను ఇమ్మని. ఆసామి నా వైపు చూసి, "కెప్టెన్‌వి, నువ్వే చెప్పు" అన్నాడు. తన వింగర్‌ను బెంగళూరుకు పోగొట్టుకోవడం ఆయనకూ ఇష్టం లేదేమో. నేను పంపమన్నాను. బావ లేకపోతే అందరి కళ్లూ నా మీదే ఉంటాయనుకున్నాను.

"ఆదివారం ఈడ నేను లేకుంటే నీకు బంతి ఎవురిస్తారు బామ్మర్దీ?" అని అడిగాడు బావ.

"మామూలు ఆటే గదా బావా, నువ్వు పో. ఆడ మూడు పూటలా సంగటీ కోడికూరా పెడతారు" అన్నాను.

ఆయన సంచి భుజానేసుకుని బస్సెక్కాడు. బెంగళూరు కబురు మిగతావాళ్లకు ఆ బస్సు కదిలాకే చెప్పాను.

ఆదివారం నేను తల దువ్వుకుని మరీ ఆటకు దిగాను. బావ చోట ఆడినవాడు కొట్టిన బంతులు కొన్ని గోలు వెనక కంపచెట్లలో పడ్డాయి, కొన్ని నా వీపు వెనక పోయాయి. గంటన్నరలో నా నుదుటికి ఒక్క బంతి తగల్లేదు. గోలు ముందు ఒంటరిగా దొరికిన ఒక్క అవకాశంలో కాలు జారి దుమ్ములో బోర్లా పడ్డాను. నా గోల్సన్నీ ఎవరివో ఆ రోజు ఊరంతటికీ తెలిసింది. నాకు మాత్రం అంతకుముందే తెలుసు, ఒప్పుకోలేదంతే.

ఆట ముగిశాక బెంగళూరాయన సోడా తాగుతూ నా దగ్గరికొచ్చాడు. "మీ లెఫ్ట్ వింగర్ గురించి చానా విన్యా. ఆయన్ను చూసేకే వస్తి. యాడుండాడు?" అన్నాడు. చిలమత్తూరు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన ఎక్కబోయే బస్సు ఆ పక్కగానే పోతుంది, బావకు మరుసటి రోజు కూడా ఆట ఉంది. మోచేతుల నిండా దుమ్ముతో నిలబడి, "యాడికి పోయినాడో తెలీదు సార్" అన్నాను. బావను పంపినప్పుడు నాకంటూ ఏదో ఆశ ఉండేది. ఈ మాట అన్నప్పుడు అదీ లేదు. నాకు రానిది ఆయనకూ రాకూడదన్న కడుపుమంట, అంతే.

మంగళవారం బావ కప్పు గెలిచి వచ్చాడు. బెంగళూరాయన సంగతి బస్టాండులోనే ఎవరో చెప్పారు. నేరుగా మా ఇంటికొచ్చాడు. నిలదీస్తాడని గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన నా పక్కన కూలబడి, "నేనుండింటే నీకు రెండు బంతులన్నా అందించింటి. వాళ్లు నిన్ను తీసుకునుందురు. దుడ్లకూ కూటికీ ఆశపడి పోతి. తప్పయిపాయ బామ్మర్దీ" అన్నాడు. నా చేయి పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు, నిజమూ చెప్పలేదు. పోనీలే బావా అని ఆయన్ను క్షమించాను కూడా.

ఎనభైల మొదట్లో మిల్లు మూతపడింది. నాకు కోఆపరేటివ్ బ్యాంకులో గుమాస్తా పని దొరికింది. బావ ఇంకో రెండేళ్లు ఊళ్లు తిరిగి ఆడి, మోకాలు పోయాక మార్కెట్ యార్డులో మూటలెత్తాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిస్తే కొత్తవాళ్లకు నన్ను చూపించి, "మా బామ్మర్ది బెంగళూరులో ఆడాల్సినోడు, నావల్లే చెడిపోయినాడు" అంటాడు. నేను తల వంచుకుంటే వినయమనుకుంటారు. ఆ మంగళవారమే చెప్పుంటే అది రెండు రోజుల తప్పుగా ఉండేది, ఒక చెంపదెబ్బతో పోయేది. చెప్పకుండా దాటేసిన ప్రతి ఏడూ దాని మీదొచ్చి కూర్చుంది, ఇప్పుడది నలభై ఏళ్ల తప్పు.