వేట లేని రోజున వినిపించిన కేక

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు టెక్కలిలో పార్వతమ్మ గారు చేపలు కొనడానికి గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చారు. ఆ సమయం నా ఫోన్లో ఉంది. వెంటనే ఆవిడ నాకు ఫోన్ చేశారు.

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయే మనిషిని. ఇప్పటికీ అంతే. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మాది భావనపాడు. అమ్మ ఎనభై మూడేళ్ల వయసులోనూ ఆటోలో టెక్కలి వెళ్ళి, వీధుల్లో "కవళ్ళమ్మా, కానాగంతలమ్మా" అని కేకేసి చేపలు అమ్మేది. పార్వతమ్మ గారు ఆమె పాత ఖాతాదారు. ఏ చేప కావాలో నాకు ఫోన్ చేసి అమ్మకు చెప్పమనేవారు.

ఈ ఏడాది సముద్రంలో వేట నిషేధం మొదలైన కొత్తలో, అన్నం తింటుండగా అమ్మ కుడిచెయ్యి వాలిపోయింది. మాట పోయి, కాసేపటికి తిరిగి వచ్చింది. మెడలో ఎడమవైపు, మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం పూడిపోయిందని విశాఖలో డాక్టరు గారు చెప్పారు. వదిలేస్తే పెద్ద పక్షవాతం రావచ్చు. కోసి శుభ్రం చేస్తే, ఆ వయసులో బల్లమీదే పక్షవాతం రావచ్చు, తర్వాత గుండె ఆగనూ వచ్చు. నేను తేల్చుకోలేకపోయాను. అమ్మే తేల్చింది.

"నోరు పడిపోయి మంచం మీద ఉండమంటావేటిరా? నా వల్ల కాదు. కోసీమను."

విశాఖలోనే ఆపరేషన్. మత్తు మెడకు మాత్రమే ఇచ్చారు. మెదడుకు రక్తం అందుతున్నదీ లేనిదీ తెలియాలంటే ఆమె మాట్లాడుతూ ఉండాలి. కుడిచేతిలో నొక్కితే కూసే రబ్బరు బొమ్మ పెట్టారు. నేను బయట వరండాలో కూర్చున్నాను. లోపలి మాటలు వినబడవు.

అప్పుడే పార్వతమ్మ గారి ఫోన్.

"ఏటి బాబూ, మీ అమ్మ నా మీద అలిగిందేటి? గుమ్మంలో కేకేసింది, గిన్నె పట్టుకొచ్చీసరికి మనిషి లేదు. ఏట లేని రోజుల్లో సేపలెక్కడివే అని అడుగుదామనుకున్నాను. ఎదురింటి కోడలు కూడా పళ్ళెం పట్టుకుని నిల్సున్నాది, సూడు."

అమ్మ ఎక్కడుందో చెప్పాను. ఆవిడ గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"'కవళ్ళమ్మా, కానా...' అని సగంలో ఆపీసింది బాబూ."

ఆపరేషన్ అయ్యాక మత్తు డాక్టరు నవ్వుతూ బయటికి వచ్చారు. "మాట్లాడమంటే మీ అమ్మగారు మాకు చేపలు అమ్మారండీ." నాళానికి క్లిప్పు వేయగానే కేక సగంలో ఆగిపోయిందట, బొమ్మ కూడా. వెంటనే గొట్టం పెట్టి రక్తం మళ్ళిస్తే మాట వచ్చింది. ఏ చేప దగ్గర ఆగిందని అడిగాను. "కవళ్ళు అయ్యాక ఇంకేదో అనబోయారు" అన్నారు.

పక్షవాతం రాలేదు. సాయంత్రం నన్ను చూసి, "గెడ్డం గీసుకోరా, నాకు కాదు, నీకు రోగం వచ్చినట్టున్నాది" అంది. ఇంటికి పంపుతామన్న రోజు మధ్యాహ్నం ఆమె గుండె ఆగిపోయింది. డాక్టరు గారు ముందే చెప్పారు. ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

తర్వాత టెక్కలి వెళ్ళాను. ఆ రోజు ఆ వీధికి చేపల మనిషి ఎవరూ రాలేదు. ఎదురింటి కోడలు విన్నదీ అదే కేక, అంతవరకే.

అప్పటినుంచి రోజూ పార్వతమ్మ గారికి ఫోన్ చేసేవాణ్ణి, మళ్ళీ ఏమైనా వినిపించిందా అని. "లేదు బాబూ" అనేవారు. వేట మొదలయ్యాక కూడా అడిగాను. ఒకరోజు ఆవిడ ఏడ్చేశారు.

"ఆ ఏలకి గుమ్మంలోనే కూకుంటన్నాను బాబూ. ఇనబడితే నీకు సెప్పనా?"

ఆ కేక టెక్కలికి ఎలా చేరిందో నాకు తెలియదు. ఇప్పుడు నేను ఆవిడను అడగడం లేదు.