అరచేతి కింద దీపం

గుళ్ళో ఎవరైనా కొబ్బరికాయ కొడుతుంటే నాకు ఆ అమ్మాయే గుర్తొస్తుంది. రాజమండ్రి నుంచి పెనుగొండ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చుంది. ఒడిలో చిన్న పెట్టె, దాని మీద ఒక కాయ. పెట్టె కాయను టక్కున తట్టగానే పచ్చదీపం వెలిగింది.

నేను ఆగలేకపోయాను. "ఏంటండి ఇది?"

"కాయ కుళ్ళిందో లేదో పగలగొట్టకుండానే చెబుతుందండి. పచ్చదీపమైతే మంచిది, ఎర్రదీపమైతే కుళ్ళింది. కొత్తగా కంపెనీ పెట్టేవాళ్ళకని గవర్నమెంటు రాజమండ్రిలో గది, మెషీన్లు ఇచ్చింది. అక్కడే చేశాను. రేపు ఆఫీసర్లకి చూపించాలి. నచ్చకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. పొద్దున్నుంచీ ఒక్క కాయ కూడా తప్పు చెప్పలేదండి!"

ముందు సీట్లోని మామ్మగారు వెనక్కి తిరిగారు. "నాదీ చూడమ్మా" అంటూ సంచిలోంచి తన కాయ తీసి ఇచ్చారు. పెట్టె టక్కుమనగానే ఆవిడకు కంగారు పుట్టింది.

"వద్దులే తల్లీ, చెప్పకు. మనవరాలి ఆపరేషనుకి మొక్కుకున్న కాయ అది."

అమ్మాయి చటుక్కున దీపాన్ని అరచేత్తో మూసేసింది. కాయ తిరిగిచ్చేసింది.

పెనుగొండలో దిగాక, ఇందాక పచ్చదీపం వెలిగిన కాయను ఆవిడ చేతిలో పెట్టింది. "నా తరఫున ఇది కూడా కొట్టండి మామ్మగారూ. ముందు ఇదే కొట్టండి."

ఆవిడ గుడి వైపు వెళ్ళాక మెల్లగా అడిగాను. "ఎర్రదీపమేనా అండి?"

ఆ అమ్మాయి చున్నీతో పెట్టెను తుడుస్తూ ఆవిడ వెళ్ళిన వైపే చూసింది.

"ఇది ఒక్కోసారి తప్పు చెబుతుందిలెండి."