చవక ఇంజిన్ కోసం బందరు మీదుగా పాలకాయతిప్పకి

చవకంటే నాకు మొదటి నుంచీ భయం. గుడివాడలో పదిహేనేళ్ళుగా పళ్ళ డాక్టరుగా జనం నోళ్ళలోకి చూస్తున్నవాణ్ణి. 'నాకేం నెప్పి లేదండీ' అని నవ్వేవాళ్ళ నోట్లోనే పెద్ద పుచ్చు ఉంటుందని తెలుసు. అందుకే బందరులో ఒకాయన, నేను సరదాగా ఎగరేసే మోడల్ విమానానికి పెట్టే పెట్రోలు ఇంజిన్ కొత్తదాని ధరలో మూడో వంతుకే అమ్ముతున్నాడని తెలిసినప్పుడు సంతోషం కన్నా ముందు అనుమానం పుట్టింది. పైగా ఆయన షరతొకటి. పాలకాయతిప్పకి తీసుకెళ్ళి, తన చేత్తో నడిపి చూపించాకే అమ్ముతాడట. బందరులో నడిపి చూపించని ఇంజిన్ సముద్రం ఒడ్డున ఎలా నడుస్తుందో చూద్దామని బయల్దేరాను.

ఆదివారం పొద్దున్న ఆరింటికి గుడివాడలో బస్సెక్కితే ఏడున్నర లోపే బందరులో దిగాను. టికెట్టు వంద లోపే. ఇంజిన్ అమ్మే ఖలీల్ గారు రోల్డ్ గోల్డ్ నగలకి అచ్చులు చెక్కే పనివారు, అరవై దాటాయి. టీ ఇచ్చి, పాత లుంగీలో చుట్టిన ఇంజిన్ విప్పారు. నేను జేబులోంచి పళ్ళు చూసే అద్దం తీసి, సైలెన్సర్ గొట్టంలోకి టార్చి వేసి చూశాను.

"పుచ్చుందాండీ డాక్టరు గారూ?" అన్నారాయన నవ్వుతూ.

"ఇంత చవకగా ఎందుకిస్తున్నారండీ?"

"అదొక్కటీ అడక్కండి. కావల్సినంతసేపు చూసుకోండి."

అడగొద్దన్నాక ఇంకేముంది, అనుమానం పెనుభూతమైంది. బస్సులో పెట్రోలు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ట్యాంకు ముందురోజే ఖాళీ చేసి ఆరబెట్టానన్నారు. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరేసరికి పదయింది. అక్కడ ప్రభుదాసు అనే అతని ఆటో రానూపోనూ తొమ్మిదొందలకి మాట్లాడుకున్నాం. బంకులో రేకు డబ్బాలో లీటరు పెట్రోలు పట్టించి, ఇంజిన్‌తో వచ్చిన కాగితంలో రాసిన పాళ్ళలోనే టూ-స్ట్రోక్ ఆయిల్ కొలిచి కలిపారు ఖలీల్ గారు. నేను కొలత గ్లాసు కూడా లాక్కుని చూశాను. సరిగ్గానే ఉంది. అది కూడా నాకు నచ్చలేదు.

కోడూరు దాటాక రోడ్డు సన్నబడింది. పాలకాయతిప్పలో ఆయన తోడల్లుడికి చేపలు ఎండబెట్టే సిమెంటు గచ్చు ఉంది. ఎదురుగా అంత ఇసక ఉండగా ఇక్కడెందుకని నిలదీశాను.

"ఇసక మీద పెడితే ఆ గాలికి ఇసకంతా ఇంజిన్ మింగేస్తుందండీ. ఇక్కడ గట్టిగా బిగించొచ్చు, మనుషులు తిరగరు."

గచ్చు చివరున్న బరువైన బల్లకి, ఇంజిన్ అమర్చి ఉన్న చెక్కపలకని బోల్టులతో బిగించారు. ప్రొపెల్లర్ అంచు వెంట గోరు పోనిచ్చి ఎక్కడా బీట లేదని చూసుకున్నారు. నా మెడలో తువ్వాలు తీయించారు. నిప్పు ఆర్పే చిన్న సిలిండర్ చేతికి అందేలా పెట్టి, నన్నూ ప్రభుదాసునీ ఇంజిన్ వెనక్కి నెట్టారు. "ముందూ వద్దు, పక్కా వద్దు. రెక్క విరిగితే పక్కకే ఎగురుతుంది." నేను దగ్గరికి రాకుండా ఏదో దాస్తున్నాడనే అనిపించింది.

"కొనేది మీరు, నడిపేది ఆయన. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేనేం మాట్టాట్లేదండీ," అన్నాడు ప్రభుదాసు. "కానీ మీ మొహం చూస్తంటే దొంగని పట్టడానికొచ్చినట్టుందండీ."

ట్యాంకులో పెట్రోలు నింపి, మిగిలిన డబ్బాని దూరంగా పెట్టి రావడానికి ఖలీల్ గారు వెళ్ళారు. మా క్లినిక్‌లో నాకో అలవాటుంది, ఏ మెషీన్నయినా ముందు స్విచ్చి వేసి చూడనిదే నమ్మను. ప్లగ్గుకి కరెంటు పంపే స్విచ్చి పని చేస్తోందో లేదోనని గబగబా వెళ్ళి నొక్కాను. చిన్న ఎర్రలైటు వెలిగింది. అంతలో ఆయన తిరిగి వస్తున్న చెప్పుల చప్పుడు. చూడకుండానే మళ్ళీ నొక్కాననుకుని చెయ్యి వెనక్కి లాక్కుని నా చోటికి వచ్చేశాను.

స్విచ్చి ఆపి ఉండగానే ప్రొపెల్లర్‌ని నాలుగైదు సార్లు తిప్పి పెట్రోలు లోపలికి లాగించాలి. ఆ తర్వాతే స్విచ్చి వేయాలి. ఆయన రబ్బరు చుట్టిన కర్రతో రెక్కని కొట్టారు. మొదటిసారికే ఇంజిన్ భళ్ళున రాజుకుని, రెక్క ఒక్క విసురు విసిరి ఆగిపోయింది. కర్ర రెండు ముక్కలై గచ్చు అవతల పడింది. ఆ కర్ర స్థానంలో ఆయన వేళ్ళుంటే, రేపట్నుంచి అచ్చులు చెక్కే పని ఉండేది కాదు.

ఆయన వేళ్ళు చూసుకోలేదు. స్విచ్చి వైపు చూసి, ఆపి, అక్కడే కూలబడ్డారు.

"అడిగారు కదండీ ఎందుకు చవకని. ఈమధ్య మర్చిపోతున్నాను. గ్యాస్ పొయ్యి ఆపానో లేదో తెలీదు, తలుపేశానో లేదో తెలీదు. స్విచ్చి ఆపాననే అనుకున్నా. ఇంక నా చేతిలో ఏదీ ఉండకూడదు. అచ్చులు కూడా మానేస్తాను."

దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకున్నాను. ఎంతసేపని? బహుశా నిమిషం. ఆ నిమిషం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఇంజిన్‌లో లోపం వెతకడానికొచ్చి, ఆ మనిషికి తన మీద తనకే నమ్మకం లేకుండా చేస్తున్నాను.

"మీరు ఆపారండీ. నేనే వేశాను, మిమ్మల్ని అనుమానించి."

ఆయన తలెత్తారు. "నిజంగా?"

"నిజంగానండీ. నేను నొక్కాకే ఎర్రలైటు వెలిగింది."

"అయితే నేను ఆపాను," అన్నారు మెల్లిగా. మళ్ళీ అదే మాట గట్టిగా అన్నారు. తిడతారనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, ప్రొపెల్లర్‌కి దెబ్బేమైనా తగిలిందేమోనని దాన్ని విప్పి కొత్తది బిగించి, ఇంకో కర్ర తీసి మొత్తం మొదట్నుంచి మొదలుపెట్టారు. ఇంజిన్ హాయిగా పది నిమిషాలు నడిచింది. ఆపాక లుంగీలో చుట్టేసి చెప్పారు, "ఏమనుకోకండి డాక్టరు గారూ. ఇది అమ్మను. ఇంకొన్నాళ్ళు నా చేతిలోనే ఉంటుంది."

సాయంత్రం ఖాళీ చేతులతో గుడివాడ బస్సెక్కాను. రోజంతా ఎదుటివాళ్ళ చేతుల్ని కనిపెట్టుకుని ఉన్నవాణ్ణి, నా చేతిని మాత్రం చూసుకోలేదు. ఇంజిన్ రాలేదన్న బాధ లేదు కానీ, ఆ నిమిషం బాధ ఉంది. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకి ఒకే ఒక్క సలహా: ప్రొపెల్లర్ ఎవరు తిప్పుతున్నారో స్విచ్చి కూడా వాళ్ళ ఒక్కరిదే. 'ఆపాను' అని వాళ్ళు పైకి చెప్పాలి, మిగతావాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. పొరపాటున ముట్టుకుంటే ఆ క్షణమే నోరు విప్పండి.